విశ్వావసు నామ సంవత్సర నివేదిక: మన గ్రూపు, మన అంగడి

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున ఉగాది శుభాకాంక్షలు.

2025 మార్చి 30న మొదలైన విశ్వావసు నామ సంవత్సరంలో బెంగళూరులోని మన తెలుగు సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. పండుగలు అందరం కలిసి చేసుకున్నవే కనుక వాటి గురించి రెండు మాటలు చాలు. పంచాంగ శ్రవణం, వినాయక చవితికి పిల్లలతో మట్టి ప్రతిమలు చేయించడం, కార్తిక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ అనుకున్నట్టే జరిగాయి. నవంబరు 1న కన్నడ మిత్రులతో కలిసి రాజ్యోత్సవం చేసుకున్నాం. ఆదివారం తెలుగు బడి వేసవి సెలవుల్లో తప్ప ఎక్కడా ఆగలేదు. బడి నడిపిన తల్లులకు, ప్రతి వారం తమ హాలు ఖాళీ చేసి ఇచ్చిన కుటుంబానికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో విడిగా అందరికీ ఇచ్చాం.

ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా తలపట్టుకుని కూర్చున్నది మన వాట్సాప్ గ్రూపు గురించే. అందుకే ఈ నివేదికలో పెద్ద భాగం దానికే కేటాయిస్తున్నాను.

మారతహళ్ళి, కుందలహళ్ళి, వైట్‌ఫీల్డ్, వర్తూరు, కె.ఆర్. పుర వైపు మన సభ్యుల్లో చాలామంది ఇంటి నుంచే ఏదో ఒక వ్యాపారం చేస్తున్నారు. ఆవకాయ, గోంగూర, సున్నుండలు, మంగళగిరి చీరలు, కూచిపూడి తరగతులు, లెక్కల ట్యూషన్లు, శుభకార్యాలకు వంటలు. కొందరికి ఇది చేతి ఖర్చుల డబ్బు. కొందరికి ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయాక పిల్లల ఫీజులు కట్టించిన డబ్బు. ఊరు కాని ఊళ్ళో కొత్తగా అమ్మకం మొదలుపెట్టిన మనిషికి మొదటి గిరాకీ తెలిసిన తెలుగు ఇళ్ళ నుంచే వస్తుంది. కాబట్టి ‘ప్రకటనలు నిషేధం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి కార్యవర్గంలో ఎవరికీ మనసు రాలేదు.

కానీ పరిస్థితి చేయి దాటింది. ఒకే పోస్టరు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వచ్చేది. అదే పోస్టరు తెలుగు బడి గ్రూపులోనూ, వనభోజనాల గ్రూపులోనూ కనిపించేది. గ్రూపులో నంబర్లు అందరికీ కనబడతాయి కదా, వాటిని ఏరుకుని విడివిడిగా మెసేజిలు పెట్టడం మొదలైంది. స్థలాలు అమ్మేవాళ్ళయితే ఏకంగా ఫోన్లే చేశారు. సభ్యులు మర్యాద కోసం గ్రూపులోంచి బయటికి వెళ్ళలేదు, మ్యూట్ చేసి ఊరుకున్నారు. దాని ఫలితం గత ఏడాది ఉగాదికి కొన్ని వారాల ముందు తెలిసింది. ఒక సభ్యుడి తండ్రికి ఆపరేషన్ కోసం రక్తం కావాలని మధ్యాహ్నం పెట్టిన మెసేజిని అదే గ్రూపు రక్తం ఉన్నవాళ్ళు చాలామంది మర్నాడు చూశారు. రక్తం వేరేచోట దొరికింది, పెద్దాయన కోలుకున్నారు. అయినా అంతమంది దగ్గరలో ఉండి ఆ కుటుంబానికి ఆ సాయంత్రం ఎవరూ అందలేదన్న బాధ మా అందరిలో ఉంది.

అంగడి గ్రూపు

ఉగాది తర్వాత ప్రధాన గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా మార్చాం. కార్యక్రమాల వివరాలు, అత్యవసరాలు, సంతాప వార్తలు తప్ప అందులో ఇంకేమీ రావు. అమ్మకాల కోసం విడిగా ‘అంగడి’ గ్రూపు పెట్టాం. అందులోకి ఎవరినీ మేము చేర్చలేదు. లింకు ఒక్కసారి ప్రధాన గ్రూపులో పెట్టాం, కావలసినవాళ్ళు నొక్కి వచ్చారు. అక్కడున్నవాళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళు. ఈ ఒక్క తేడాతోనే సగం గొడవ తగ్గింది.

అంగడిలో ఒక్కొక్కరికి వారానికి ఒక్క పోస్టు. అందులో ధర, బరువు, ఏ ప్రాంతాలకు పంపగలరు, ఆర్డరు ఏ తేదీలోపు ఇవ్వాలి అన్నవి ఉండాలి. ‘ధర కోసం మెసేజి చేయండి’ అని రాయకూడదు. ధర దాచితే అడిగేవాళ్ళు తగ్గిపోతారు, అడిగిన ప్రతివాళ్ళకూ విడిగా జవాబు రాయడం అమ్మేవాళ్ళకూ శ్రమే. గ్రూపులో అడిగిన ప్రశ్నకు గ్రూపులోనే జవాబు చెప్పాలి, అప్పుడు అదే సందేహం ఉన్న మిగతావాళ్ళకూ తెలుస్తుంది. విడి మెసేజి కొనేవాళ్ళ వైపు నుంచే మొదలవ్వాలి.

ఈ నియమాలు అందరికీ నచ్చలేదు. ‘మనవాళ్ళకు చెప్పుకోవడానికి కూడా అనుమతి కావాలా?’ అని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. వారి ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాం. మనవాళ్ళు గనకే మొహమాటానికి పోయి ‘వద్దు’ అనలేరు. ఆ మొహమాటాన్ని వాడుకోకూడదని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది. ఇద్దరు ముగ్గురు సభ్యులు సంఘం చిరునామా పుస్తకం అడిగారు, ఇవ్వలేదు. ఆ నంబర్లు సభ్యత్వం కోసం ఇచ్చినవి. ఒక పనికి ఇచ్చిన వివరాలను ఆ పనికే వాడాలనీ, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇవ్వడమంత తేలికగా ఉండాలనీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా అంటోంది. చట్టం లేకపోయినా ఇచ్చేవాళ్ళం కాదు.

కొన్ని రకాల పోస్టులకు హద్దులు గీశాం. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య లేకుండా స్థలాల, ఫ్లాట్ల ప్రకటనలు పెట్టకూడదు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్లను నమోదుకు ముందు ప్రచారం చేయడం 2016 చట్టం ప్రకారం తప్పు. చిట్టీలు, పెట్టుబడి పథకాలు, మనుషుల్ని చేర్పించే గొలుసు వ్యాపారాలు అసలే వద్దన్నాం. తినే వస్తువులు అమ్మేవాళ్ళు ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ వారి 14 అంకెల సంఖ్యను పోస్టులో చూపాలి. ఇంట్లో వండి అమ్మినా ఆ నమోదు ఉండాలి. మొదట్లో ఇది భారమనిపించినా, నమోదు చేసుకున్న మహిళలు ఇప్పుడు ఆ సంఖ్యను పోస్టు పైభాగాన పెడుతున్నారు.

అవగాహన తరగతి

ఏప్రిల్‌లో ఆవకాయ పోస్టులు ఊపందుకోకముందే, ఇంటి వ్యాపారాలు చేసేవాళ్ళ కోసం ఆదివారం తరగతులు నడిపాం. డిజిటల్ మార్కెటింగులో పనిచేసే మన యువసభ్యులు డబ్బు తీసుకోకుండా నేర్పారు. ఆ తరగతుల్లో అందరికీ ఉపయోగపడిన విషయాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను, రాలేకపోయినవాళ్ళు ఇవైనా చదవాలని.

ఒకే మెసేజిని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు. అయితే మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకు మాత్రమే ఆ మెసేజి చేరుతుంది. చాలామంది దీన్ని లోపం అనుకుంటున్నారు. మా దృష్టిలో ఇదే అసలైన జాబితా. మొదటి ఆర్డరు అందించాక ‘మళ్ళీ చేసినప్పుడు చెప్పమంటారా? చెప్పమంటే నా నంబరు సేవ్ చేసుకోండి’ అని ఒక్క మాట అడగండి. సేవ్ చేసుకున్న పాతికమంది, చెప్పాపెట్టకుండా మెసేజి అందుకున్న ఐదువందలమంది కన్నా ఎక్కువ కొంటారు. చిరాకు పడినవాళ్ళు బ్లాక్ చేసి రిపోర్టు కొడతారు. రిపోర్టులు పోగుపడితే ఖాతానే పోతుంది. 2021 ఐటీ నియమాల కింద వాట్సాప్ ప్రతి నెలా ప్రకటించే లెక్కల్లో మన దేశంలో నిషేధించిన ఖాతాలు లక్షల్లో ఉంటున్నాయి. వ్యాపారం మొత్తం ఆ నంబరు మీదే నడుస్తున్న ఇంటికి ఖాతా పోతే కొట్టు మూతపడినట్టే.

స్టేటస్ గురించి కూడా చాలామందికి కొత్తగా తెలిసింది. అది 24 గంటలే ఉంటుంది, చూడదలచినవాళ్ళు చూస్తారు, ఎవరి ఫోనూ మోగదు. రోజూ ఏదో ఒకటి చెప్పాలనిపించేవాళ్ళకు అదే సరైన చోటు. గిరాకీ పెరిగినవాళ్ళకు వాట్సాప్ చానల్ పనికొస్తుంది. అది మన దేశంలో 2023 సెప్టెంబరులో వచ్చింది. అనుసరించేవాళ్ళ నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. బిజినెస్ యాప్‌లో కేటలాగు పెట్టుకుంటే ధరల పట్టిక అడిగిన ప్రతిసారీ టైపు చేయనక్కర్లేదు, కొనేవాళ్ళు తామే తెరిచి చూసుకుంటారు.

ఎలా చెప్పాలో నేర్పడం కన్నా ఏం చెప్పాలో నేర్పడం కష్టమైంది. ఇందులో వర్తూరు వైపు ఆవకాయ పెట్టి అమ్మే ఒక సభ్యురాలి పద్ధతి అందరికీ పాఠమైంది. అంతకుముందు ఆవిడ రోజూ అదే సీసా ఫోటో పెట్టేవారు. తరగతుల తర్వాత ఆ ఫోటో మానేసి, కాయ ఎక్కడి నుంచి వస్తోంది, ముక్క ఎప్పుడు కొట్టిస్తున్నారు, ఆవపిండి ఎంత, నూనె ఏది అన్నవి వారానికొకసారి రాయడం మొదలుపెట్టారు. ఒక వారం ‘ఈసారి వచ్చిన కాయకు పులుపు చాలదు, టెంక గట్టిపడలేదు, అందుకని ఈ వారం ఆవకాయ పెట్టడం లేదు’ అని రాశారు. ఆ పోస్టు కింద వచ్చినన్ని జవాబులు అంతకుముందు ఏ తగ్గింపు ధరకూ రాలేదు. అమ్మనన్న మనిషిని నమ్మి, తర్వాతి వారం అడ్వాన్సు పంపినవాళ్ళున్నారు. కార్యవర్గంలో మేమూ పంపాం.

కూచిపూడి నేర్పే సభ్యురాలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇతరుల వీడియోల కింద ‘మా పేజీ చూడండి’ అని రాయడం మానేసి, ఒక్కో అడుగులో కాలు ఎక్కడ తప్పుతుందో చూపే చిన్న వీడియోలు పెట్టారు. పిల్లల ముఖాలు కనబడే వీడియోలకు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నారు. ఈ అలవాటు మిగతా శిక్షకులూ పాటించాలని కోరుతున్నాను. రీల్స్ చేసే మన యువతకు కూడా ఒక విన్నపం. వస్తువు ఉచితంగా తీసుకుని పొగిడితే అది ప్రకటనేనని వీడియోలో స్పష్టంగా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే అంటున్నాయి.

రక్తం కోసం, తుపాను సాయం కోసం

మంచి పని కోసమైతే ఎన్నిసార్లు పంపినా తప్పులేదని మనలో చాలామంది అనుకుంటారు. రక్తం విషయంలో ఇది నిజం కాదని ఈ ఏడాది బాగా తెలిసింది. తేదీ లేని పాత మెసేజిలు తిరుగుతూనే ఉంటాయి. అవసరం ఎప్పుడో తీరిపోయిన కుటుంబానికి నెలల తరబడి ఫోన్లు వస్తూనే ఉంటాయి, నిజంగా అవసరమైన మెసేజిని ఎవరూ నమ్మరు. ఐదు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు చేతులు మారి ఫార్వర్డ్ అయిన మెసేజిపై వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది, 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాటుకే పంపనిస్తోంది.

అందుకే రక్తం అవసరాన్ని అందరికీ చాటే పద్ధతి మానేశాం. ఇష్టపడి పేరిచ్చిన దాతల జాబితా తయారుచేశాం. రక్తం గ్రూపుతోపాటు చివరిసారి ఎప్పుడు ఇచ్చారో అందులో రాసుకుంటాం. మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి కాబట్టి ఇవ్వగలిగినవాళ్ళకే సమన్వయకర్తలు ఫోన్ చేస్తారు. అలా దొరకకపోతేనే ప్రధాన గ్రూపులో పెడతాం. అప్పుడు ఆసుపత్రి, రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ తేదీ ఎన్ని గంటల్లోపు అన్నవన్నీ మెసేజిలోనే ఉంటాయి. అవసరం తీరగానే అడ్మిన్లు దాన్ని తొలగిస్తారు. ప్రభుత్వ ఇ-రక్తకోశ్ పోర్టల్‌లో నిల్వలు ముందు చూసుకోవాలని కూడా సమన్వయకర్తలకు చెప్పాం. ఈ పద్ధతి మొదలయ్యాక వచ్చిన ప్రతి అవసరానికీ మనవాళ్ళే వెళ్ళారు. ఆఫీసు నుంచి సగం పూట సెలవు పెట్టి, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి వెళ్ళిన ఆ దాతలకు సంఘం చేతులెత్తి మొక్కుతోంది.

అక్టోబరు చివర్లో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మనలో చాలామంది సొంత ఊళ్ళు ఆ దారిలోనే ఉన్నాయి. ఆ రాత్రి ఫోన్లలో ఎక్కడెక్కడివో క్యూఆర్ కోడ్‌లు తిరిగాయి. మనం ఒకే ఒక్క విన్నపం పెట్టాం. సంఘం పేరు మీదున్న ఖాతాకు, సంఘం కోడ్‌తో, ముగింపు తేదీ చెప్పి. డబ్బు పంపేముందు యూపీఐ చూపించే పేరు సంఘానిదో కాదో చూసుకోమని అందులోనే రాశాం. మధ్యలో గుర్తుచేస్తూ ఒక్క మెసేజి, ముగింపున జమాఖర్చు. ఎవరి పేరూ ఎత్తి ‘ఇంకా మీరు ఇవ్వలేదు’ అనలేదు.

వచ్చే ఏడాదికి

ఇంకా చక్కబడనివి ఉన్నాయి. అంగడిలో పోస్టు పెట్టి వెళ్ళిపోయి, అడిగినవాళ్ళకు రెండు రోజులైనా జవాబివ్వని అమ్మకందారులున్నారు. స్మార్ట్‌ఫోను అంతగా వాడని పెద్దవాళ్ళకు అంగడి అందడం లేదు, వాళ్ళ కోసం నెలకొకసారి వనితా విభాగం సమావేశంలో బల్లలు వేసి అమ్మే ఏర్పాటు చేయాలని ఆలోచన. మెట్రో స్తంభాలకు, కరెంటు స్తంభాలకు కాగితాలు అంటించడం కొందరు ఇంకా మానలేదు. 1981 నాటి కర్ణాటక చట్టం కింద అది నేరం, సంఘం పేరు దానితో ముడిపడకూడదు. మన అమ్మకాలు తెలుగు ఇళ్ళు దాటి వెళ్ళాలంటే పోస్టులు కన్నడంలోనూ ఉండాలి. రాసిపెట్టడానికి కన్నడం బాగా వచ్చిన సభ్యులు ముందుకు రావాలని కోరుతున్నాను.

సమావేశం ఆమోదం కోసం మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాం. అంగడి నియమాలను సంఘం ఉపనిబంధనల్లో చేర్చడం, సభ్యుల నంబర్లను ఏ వ్యాపారానికీ, ఏ పార్టీకీ ఇవ్వకూడదని తీర్మానించడం, దాతల జాబితాకు ఇద్దరు శాశ్వత సమన్వయకర్తలను ఎన్నుకోవడం. ఆవకాయ కాలం దగ్గరపడింది కనుక ఈసారి తరగతులు ఏప్రిల్ మొదటి ఆదివారాలకే పెడుతున్నాం. పేర్లు తెలుగు బడి దగ్గర ఇవ్వవచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి
బెంగళూరు, పరాభవ నామ సంవత్సర ఉగాది, 2026 మార్చి 19