బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేసిన మాత్ర గురించి ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మీకు రోజూ బోలెడు అర్జీలు వస్తుంటాయి, ఇది ఉద్యోగం కోసమో బదిలీ కోసమో కాదు, ఒక చిన్న మాత్ర గురించి. దాని పేరు మిసోప్రోస్టాల్, మొదట సైటోటెక్ అనే బ్రాండ్ తో వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా మందు పెట్టి నొప్పులు రప్పించి కాన్పు చేసుంటే ఈ మాత్రే వాడి ఉండొచ్చు, పేరు మాత్రం మీకు కూడా ఎవరూ చెప్పి ఉండరు.

మా చెల్లికి డేట్ దాటి వారం అయినా నొప్పులు రాలేదు. ఇంక ఆగొద్దు, అడ్మిట్ అయిపోండి, నొప్పులు రావడానికి మందు పెడతాం అన్నారు. ఆ సలహా కరెక్టే, డేట్ మీద వారం గడిస్తే నొప్పులు రప్పించడమే మంచిదని డబ్ల్యూహెచ్ఓ కూడా చెప్తోంది, అక్కడ నాకు ఏ గొడవా లేదు. సిస్టర్ వచ్చి మంచం పక్కన టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద మాత్ర పెట్టి బ్లేడుతో సగం చేసింది, ఆ సగాన్ని మళ్ళీ సగం, దాన్ని ఇంకోసారి సగం. ఆఖరి కోతకి అది చిట్లిపోయి ఒకవైపు కాస్త పెద్ద ముక్క, ఇంకోవైపు పొడి మిగిలాయి. ఆవిడ రెండింటినీ ఒక్క క్షణం చూసి పెద్ద ముక్కే తీసుకుంది. పొడి కాగితం మీదే ఉండిపోయింది.

రెండో డోసు పెట్టాక ఒక గంటకి నొప్పులు మొదలయ్యాయి, మొదలైనవి ఇంక ఆగలేదు. నొప్పికీ నొప్పికీ మధ్య గ్యాప్ వస్తుంది, అప్పుడు ఊపిరి తీసుకో అని అందరూ చెప్తారు కదా, మా చెల్లికి ఆ గ్యాపే రాలేదు. నేను ఫోన్ లో టైమ్ చూసి లెక్కపెడితే పది నిమిషాల్లో ఏడు వచ్చాయి. అయిదు దాటితే ఎక్కువ అయినట్టే అనీ, గర్భసంచి అలా బిగుసుకుంటూనే ఉంటే బిడ్డకి ఆక్సిజన్ తగ్గుతుందనీ నాకు అప్పుడు తెలీదు. కాసేపటికి బిడ్డ గుండె వేగం పడిపోయింది, అందరూ పరిగెత్తారు, నన్ను బయటికి పంపేశారు, దేవుడి దయ వల్ల అనండి ఆ డ్యూటీ డాక్టర్ చురుకుదనం వల్ల అనండి, సర్దుకుంది. పాప బానే ఉంది, చెల్లి కూడా.

ఇంటికి వెళ్ళేటప్పుడు సామాన్లు సర్దుతుంటే మందుల కవర్లో ఆ మాత్ర కాగితం దొరికింది, మడతలు విప్పి చదివితే ఇది కడుపులో పుండ్లకి మందు అనీ, కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదనీ రాసుంది. నా కాళ్ళు చల్లబడిపోయాయి సార్. తప్పు మందు ఇచ్చారేమో అనుకుని రెండు రోజులు నిద్రపోలేదు, చెల్లికి చెప్పలేదు, బాలింతకి ఏం చెప్తాం.

తర్వాత దొరికిందల్లా చదివాను. వాళ్ళు తప్పు మందు ఇవ్వలేదు. కీళ్ళనొప్పుల మాత్రలు ఎక్కువకాలం వాడేవాళ్ళకి కడుపులో పుండ్లు పడకుండా దీన్ని తయారు చేశారు, అమెరికాలో ఎఫ్‌డీఏ 1988లో పర్మిషన్ ఇచ్చింది కూడా దానికే. కానీ ఇది గర్భసంచి ముఖాన్ని మెత్తబరుస్తుంది, నొప్పులు తెప్పిస్తుంది, అది డాక్టర్లు కనిపెట్టి వాడటం మొదలుపెట్టారు. చవక, ఫ్రిజ్ అక్కర్లేదు, ఇదే పనికి వాడే డైనోప్రోస్టోన్ జెల్ ని అయితే చల్లగా దాచాలి, రేటు కూడా ఎక్కువ. ఇలా పర్మిషన్ ఒకదానికి ఉంటే ఇంకోదానికి వాడటాన్నే ఆఫ్ లేబుల్ అంటారు. అది నేరమేమీ కాదు, గర్భిణుల మీద కంపెనీలు ట్రయల్స్ చెయ్యడానికి వెనకాడతాయి కాబట్టి కాన్పు గదిలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి.

విచిత్రం ఏంటంటే ఈ మాత్రని తయారు చేసిన సెర్ల్ కంపెనీనే 2000 ఆగస్టులో గర్భిణులకి ఇది వాడొద్దని అమెరికా డాక్టర్లకి ఉత్తరం రాసింది, గర్భసంచి చిరిగిపోవచ్చు, తల్లీబిడ్డల ప్రాణాలు పోవచ్చు అని. డాక్టర్ల సంఘాలు ఒప్పుకోలేదు, మా దగ్గర ఇన్ని స్టడీలు ఉన్నాయి అన్నాయి. 2002లో లేబుల్ మీద ఆ హెచ్చరికని కొంత మార్చారు, కాన్పులో వాడితే వచ్చే ప్రమాదాలు అందులో చేర్చారు, నొప్పులు రప్పించడానికి పర్మిషన్ మాత్రం అక్కడ రాలేదు. ఇటు చూస్తే డబ్ల్యూహెచ్ఓ 2005లోనే 25 మైక్రోగ్రాముల మాత్రని తప్పనిసరిగా ఉండాల్సిన మందుల లిస్టులో పెట్టింది. కవర్లో కాగితం ఒక మాట చెప్తుంది, డబ్ల్యూహెచ్ఓ ఇంకో మాట చెప్తుంది, మధ్యలో మంచం మీద పడుకున్న మనిషికి ఎవరూ ఏమీ చెప్పరు.

అసలు బాధ డోసు దగ్గర. నొప్పులకి కావాల్సింది 25 మైక్రోగ్రాములు. గ్రాములో 40,000వ వంతు అన్నమాట. మాత్ర వచ్చేదేమో 200, అంటే ఎనిమిదో ముక్క. అదే మాత్ర కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోకుండా ఇవ్వాలంటే 600, అంటే మూడు మాత్రలు నిండుగా. ఒకే డబ్బా, ఒకే గది, ఒకే సిస్టర్, బిడ్డ బయటికి రాకముందు ఎనిమిదో వంతు, వచ్చాక మూడు. అర్ధరాత్రి, నాలుగు కాన్పులు ఒకేసారి నడుస్తుంటే పొరపాటు జరగకుండా ఉండటానికి ఆ సిస్టర్ దేవత అయ్యుండాలి. పైగా ఇదే పనికి సెలైన్ లో ఎక్కించే ఆక్సిటోసిన్ అనే మందు అయితే నొప్పులు మితిమీరగానే డ్రిప్ కట్టేయొచ్చు. ఈ మాత్ర కరిగి ఒంట్లోకి వెళ్ళాక వెనక్కి తియ్యలేం.

25 మైక్రోగ్రాముల మాత్రలు ప్రపంచంలో లేక కాదు సార్, తయారవుతున్నాయి. అవి ప్రతి లేబర్ రూమ్ కీ అందేలా చూడండి. అవి అందేలోపు కనీసం బ్లేడు ఆపించండి, 200 మాత్రని 200 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి 25 మిల్లీలీటర్లు కొలిచి రెండు గంటలకోసారి తాగించే పద్ధతి డాక్టర్లకి తెలిసిందే, కొలగ్లాసు ఎటు వంచినా బ్లేడు కంటే నయం.

ఇంకోటి, ముందు కాన్పు సిజేరియన్ అయినవాళ్ళకి ఇది పెట్టకూడదని డబ్ల్యూహెచ్ఓ స్పష్టంగా చెప్తోంది, పాత కుట్ల దగ్గర గర్భసంచి విడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి. అది చెక్ చేశాకే మాత్ర బయటికి తియ్యాలి. బిడ్డ గుండె చూసే మనిషి లేకుండా, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేసే వీలు లేకుండా ఎక్కడా పెట్టకూడదు. పెట్టి ఇంటికి పంపడం అయితే అసలొద్దు.

దయచేసి ఈ లేఖ చదివి మందుని బ్యాన్ చేసెయ్యకండి. మనకి అదొక అలవాటు, గొడవ అవ్వగానే నిషేధం. ఫ్రాన్సులో 2018లో సైటోటెక్ ని మార్కెట్ నుంచి తీసేశారు, వాళ్ళకి వేరే మందులు ఉన్నాయి, తట్టుకున్నారు. ఫ్రిజ్ కూడా సరిగ్గా పనిచెయ్యని ఆసుపత్రిలో ఈ మాత్ర పోతే రక్తం పోయి తల్లులే పోతారు. నేను అడిగేది ఆ మాత్ర మా చెల్లికి పరిచయం కావాలని, అంతే. నొప్పులు మొదలయ్యాక అరుస్తూ పెట్టిన సంతకం సంతకం కాదు. ముందే, కూర్చోబెట్టి, తనకి అర్థమయ్యే మాటల్లో, అమ్మా దీని పేరు ఇది, కాగితం మీద కడుపుతో ఉన్నవాళ్ళు వాడొద్దని ఉంటుంది, అయినా ఎందుకు వాడుతున్నామంటే ఇదీ, నొప్పులు గ్యాప్ లేకుండా వస్తే వెంటనే మమ్మల్ని పిలువు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది, అయిదు నిమిషాలు. ఆ చివరి మాట ముందే చెప్పుంటే నేను ఫోన్ లో లెక్కపెడుతూ కూర్చునేదాన్ని కాదు, మూడో నొప్పికే పరిగెత్తేదాన్ని.

మా చెల్లి ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. మొన్న చెకప్ లో కొత్త డాక్టరమ్మ, పోయినసారి నొప్పులకి ఏం మందు పెట్టారు, ఎంత పెట్టారు అని అడిగింది. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూపించాం. అందులో పాప బరువు ఉంది, పుట్టిన టైమ్ నిమిషంతో సహా ఉంది, మందు దగ్గర మాత్రం "నొప్పులు రప్పించడమైనది" అని ఒక్క లైన్.

ఇట్లు,
లేబర్ రూమ్ బయట నిలబడ్డ ఒక అక్క