రాగి జతలను పరీక్షించాకే తీసేయండి

సంపాదకులకు,

పాత టెలిఫోన్ రాగి కేబుళ్లను తుక్కు కింద అమ్మేస్తున్నారు. కానీ ఫైబర్ చేరని బడులకు, ఆఫీసులకు ఆ తీగల మీదే ఈథర్‌నెట్ (కంప్యూటర్లను కలిపే డేటా లింకు) ఇవ్వవచ్చు. 2004 నాటి ఈథర్‌నెట్ ప్రమాణం 802.3ఏహెచ్‌లోని 2బేస్-టీఎల్ పద్ధతిలో ఒక్కో రాగి జత (కలిపి మెలేసిన రెండు తీగలు) 2.7 కిలోమీటర్ల దాకా, రెండు వైపులా సెకనుకు 2 మెగాబిట్ల వేగమిస్తుంది. నాలుగు జతలు కలిపితే దాదాపు 8 మెగాబిట్లు. ఒకటి తెగినా వేగం తగ్గుతుందే తప్ప లింకు పోదు. ఆ జతల మీద మామూలు ఫోను మాత్రం నడవదు.

చిక్కంతా లైన్లలోనే ఉంది. వాడకుండా వదిలేసిన కొమ్మ తీగలు సిగ్నల్‌ను వెనక్కి తిప్పుతాయి. మాట స్పష్టంగా వినిపించేందుకు ఒకప్పుడు లైన్లలో పెట్టిన లోడింగ్ కాయిల్స్ (తీగచుట్టలు) ఎగువ పౌనఃపున్యాలను మింగేస్తాయి. వానకు తడిసిన జాయింట్లలో కరెంటు లీకేజీ మరీ దారుణం. మోడెం బిగించే ముందే ప్రతి జతకూ ఇన్సులేషన్ (తీగల పైపూత పట్టు), లూప్ రెసిస్టెన్స్ (జత మొత్తం విద్యుత్ నిరోధం) కొలవాలి. ఈ పరీక్షలేవీ చేయకుండానే కేబుళ్లను తుక్కు కింద అమ్మేయడం అన్యాయం. అధికారులు ముందు ఆ కొలతలు తీయించాలి.

— టెలికాం లైన్ల ఇంజినీర్లు