మన కళాశాల స్వర్ణోత్సవం: జమా ఖర్చుల వివరణ

పూర్వ విద్యార్థినులందరికీ, విరాళాలిచ్చిన పెద్దలకు, మన సిస్టర్లకు, సిబ్బందికి నమస్కారం.

సంక్రాంతిలోపు లెక్కలు ముందు పెడతామని మాటిచ్చాం. ఆలస్యమైంది, క్షమించండి. రెండు బిల్లులు చేతికి రావడానికి మార్చి దాకా పట్టింది. ఈలోగా వాట్సాప్ గ్రూపుల్లో చాలా మాటలు నడిచాయి. "ఫంక్షన్ సగమే చేశారు, డబ్బు మాత్రం మొత్తం ఎలా అయిపోయింది?" అని నాకే ఫోన్ చేసి అడిగినవాళ్లున్నారు. అడిగే హక్కు డబ్బిచ్చిన ప్రతి ఒక్కరికీ ఉంది. కోశాధికారిగా జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది. 2025 మార్చి 31 నాటికి ఉన్న లెక్క ఇది. మన సంఘంతో ఏ సంబంధమూ లేని ఆడిటర్ గారొకరు ప్రతి కాగితం చూసి సంతకం పెట్టారు.

ముందు జమ. అన్నీ రూపాయల్లో.

నమోదు రుసుము, 612 మంది, మనిషికి 500: 3,06,000
బ్యాచ్‌ల విరాళాలు: 9,48,500
విదేశాల్లో ఉన్న భారత పౌరులు తమ ఖాతాల నుంచి పంపినవి: 2,40,000
సిస్టర్లు, అధ్యాపకులు, సిబ్బంది: 1,35,000
సావనీర్ (స్వర్ణోత్సవ సంచిక) ప్రకటనలు (వసూలైనంత వరకు): 2,15,000
బ్యాంకు వడ్డీ: 11,420
మొత్తం జమ: 18,55,920

సిబ్బంది ఇచ్చిన మొత్తంలో ఒక 1,001 రూపాయలు ఉన్నాయి. హాస్టల్లో ఏళ్ల తరబడి మనందరికీ వండిపెట్టి రిటైరైన ఆయమ్మ, ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి కొంగు ముడి విప్పి ఇచ్చిన డబ్బు అది. వద్దంటే ఒప్పుకోలేదు. రసీదు రాసిస్తే మడిచి మళ్లీ ఆ కొంగులోనే కట్టుకుంది.

విదేశాల నుంచి వచ్చిన డబ్బు గురించి ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే) కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. మన సంఘానికి అది లేదు. అందుకే అమెరికాలో స్థిరపడిన నలుగురు అక్కలను ముందే వద్దన్నాం. "నా కాలేజీకి నా డబ్బు పరాయిదయిందా?" అని ఒక అక్క అన్న మాట మాకు బాధ కలిగించింది. చట్టం ముందు మేం చేయగలిగింది లేదు. అలాగే దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే 80జి గుర్తింపు కూడా మన సంఘానికి లేదు. పన్ను మినహాయింపు రసీదు కోసం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేం.

ఇక ఖర్చు. ప్రశ్నలు రానివి ముందు చెప్పేస్తాను. షామియానాలు, వేదిక, కుర్చీలు, జనరేటర్ జీఎస్టీతో కలిపి 3,42,000. భోజనాలు 1,040 ప్లేట్లు, ప్లేటు 310 చొప్పున, 5 శాతం జీఎస్టీ కలిపి 3,38,520. మైకు, సౌండ్ 38,000. పూజాపీఠం అలంకరణ, పూలు, గాయక బృందం 46,800. రిటైరైన 27 మంది అధ్యాపకులకు శాలువాలు 17,550. గేటు పక్కనున్న మరియమాత గుహకు రంగులు, లైట్లు 58,400. పోస్టు, ప్రయాణాలు, బ్యాంకు ఛార్జీలు, ఆడిట్ 14,760. పేద పిల్లల ఫీజుల కోసం కళాశాల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ 4,00,000. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన ఇద్దరు ఆడపిల్లలకు దాని వడ్డీ ఏటా వెళ్తుంది. వరద వచ్చినా, కార్యక్రమం వాయిదా పడినా ఈ 4 లక్షల జోలికి మేం పోలేదని గుర్తుంచుకోమని కోరుతున్నాం.

అసలు ప్రశ్న 2,86,350 రూపాయల గురించి. చిట్టాలో దాన్ని "వరద సాయం" అని రాశాం. "మేం ఇచ్చింది స్వర్ణోత్సవానికి కదా, వరదకి ఖర్చు పెట్టమని మీకెవరు చెప్పారు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఉత్సవం మొదట 2024 సెప్టెంబరు 8, ఆదివారం అనుకున్నాం. ఆ రోజు మరియమాత పుట్టినరోజు పండుగ. 7న వినాయక చవితి కాబట్టి, ఇంట్లో పూజ చేసుకుని మర్నాడు తీరిగ్గా రావచ్చని ఆ తేదీకి అందరూ సరేనన్నారు. ఆగస్టు 31న కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి బుడమేరు వాగు బెజవాడలోకి వచ్చేసింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 వరద రికార్డు కూడా దాటిపోయింది. మన కళాశాల ఎత్తు మీద ఉండబట్టి ఆవరణలోకి చుక్క నీరు రాలేదు. మన అధ్యక్షురాలి ఇల్లు మాత్రం పాయకాపురంలో. ఆమె కుటుంబంతో మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు.

2వ తేదీ సోమవారం ఉదయం ఆమె ఫోన్ చేశారు. "మా వీధిలో పసిపిల్లలకి పాలు లేవు. మన దగ్గర డబ్బుంది కదా, ఏదో ఒకటి చెయ్యండి" అన్నారు. సర్వసభ్య సమావేశం పిలవకుండా ఎలా అని నేనే సందేహించాను. సగం మంది సభ్యులు నీళ్లలో ఉంటే సమావేశం ఎవరితో పెట్టాలి? అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఇద్దరి సంతకం చాలని నియమావళిలో ఉంది. కార్యదర్శి, నేను సంతకాలు చేసి ఆ రోజే లక్ష తీశాం. మధ్యాహ్నానికి అధ్యక్షురాలి ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తర్వాత రెండు రోజులు ఆమెతో మాట్లాడటమే కుదరలేదు.

వంట హాస్టల్లోనే. రిటైరైన ఆయమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. మొదటి రోజు సాంబారన్నం పంపాం. పొట్లాలు ఇళ్లకు చేరేసరికి సాయంత్రమైంది, కొన్ని పులిసిపోయాయి. ఆ తప్పు మాదే. రెండో రోజు నుంచి పులిహోరే చేయించింది ఆయమ్మ. రోజుకు సుమారు 1,200 పొట్లాలు, 7వ తేదీ వరకు ఆరు రోజులు.

ఖర్చు విడివిడిగా ఇది. బియ్యం 25 కేజీల బస్తాలు నలభై, 54,000. పప్పు, నూనె, చింతపండు, కూరగాయలు, గ్యాస్ కలిపి 71,850. మంచినీళ్ల బాటిళ్లు 300 కేసులు, 39,000. పాలు, బ్రెడ్డు, బిస్కెట్లు 48,500. కొవ్వొత్తులు, మందులు, శానిటరీ ప్యాడ్లు 30,000. ట్రాక్టర్లు 43,000.

నీళ్లకి అంత డబ్బా అని ఒకరు రాశారు. మూడో తేదీన వాంబే కాలనీలో ఒక పెద్దావిడ పై అంతస్తు నుంచి పాత చీర కిందికి వదిలింది. ట్రాక్టర్ మీదున్న మన రెండో సంవత్సరం పిల్ల దాని కొసకి పొట్లాల సంచి కట్టింది. ఆవిడ సంచి పైకి లాగి చూసుకుని, మళ్లీ చీర వదిలి, "అన్నం నిన్న కూడా వచ్చిందమ్మా, తాగడానికి నీళ్లుంటే కట్టు" అంది. ట్రాక్టర్‌లో ఉన్నవి పిల్లలు తాగడానికి తెచ్చుకున్న రెండు బాటిళ్లే. అవే కట్టారు. ఆ మర్నాటి నుంచి నీళ్ల కేసులు పెంచాం. చుట్టూ మెడలోతు నీళ్లుండి తాగేందుకు గ్లాసుడు నీళ్లు లేకపోవడం ఎలా ఉంటుందో అక్కడున్నవాళ్లకి తెలుసు.

ప్రభుత్వం డ్రోన్లతో, హెలికాప్టర్లతో కూడా ఆహారం అందించింది. నిజమే, మేం కాదనడం లేదు. కానీ లోపలి సందుల్లో చాలా ఇళ్లకు ఏదీ చేరలేదని మన పిల్లలే కళ్లారా చూశారు.

ట్రాక్టర్ల 43,000కి అచ్చు బిల్లులు లేవు. ఇదే పెద్ద గొడవైంది. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర ఆ రోజుల్లో ట్రాక్టర్ దొరకడమే గగనం. ట్రిప్పుకు 4,500 చొప్పున తొమ్మిది ట్రిప్పులు, 40,500. ఒకాయన మాత్రం అద్దె వద్దని డీజిల్‌కి 2,500 తీసుకున్నాడు. తొమ్మిది ట్రిప్పులకూ, డీజిల్‌కీ తెల్లకాగితం మీద రాయించి సంతకమో వేలిముద్రో తీసుకున్నాం. మామూలు రోజుల్లో ఆ ట్రాక్టర్ ఎంతకు వస్తుందో మాకూ తెలుసు. బేరమాడుతూ నిలబడితే పొట్లాలు పాడవుతాయని అడిగినంత ఇచ్చాం. ఇది తప్పని మీరంటే ఆ మాట పడతాం, డబ్బు ఎవరి జేబులోకీ వెళ్లలేదు.

ఆ వారం ఒకరోజు సాయంత్రం ప్రార్థన అయ్యాక సిస్టర్ ప్రిన్సిపాల్ బైబిల్లోని లేవీయకాండము 25వ అధ్యాయం చదివి వినిపించారు. జూబిలీ అనే మాట పుట్టిందే అక్కడ. యాభయ్యో ఏట చిక్కుల్లో ఉన్నవాళ్లను విడిపించమని, పొలం పోగొట్టుకున్నవాడికి తిరిగి అప్పగించమని ఉంది అందులో. "ఇంతకన్నా జూబిలీ ఏం చేస్తామమ్మా" అన్నారామె. సెప్టెంబరు 8న చాపెల్‌లో పూజ ఒక్కటే జరిగింది. ఆ వారం అక్కడ తిరిగిన మా అందరి మనసులో స్వర్ణోత్సవం ఆరోజే జరిగిపోయింది.

అయినా డబ్బు మీది. అక్టోబరులో అందరికీ మెసేజ్ పెట్టాం, ఇష్టం లేనివాళ్లు చెబితే వెనక్కి ఇస్తామని. ముగ్గురు అడిగారు, 21,000 తిరిగి పంపాం. పైన రాసిన జమ ఆ మొత్తం తీసేశాక మిగిలినదే. అడిగిన ఆ ముగ్గురి మీద మాకే కోపమూ లేదు.

వాయిదా వల్ల పోయినవి రెండు. 8వ తేదీతో అచ్చయిన ఆహ్వాన పత్రికలు, 31,500. రెండోసారి పత్రికలు వేయకుండా ఫోన్లోనే పిలిచాం. మాకు పత్రిక అందలేదని అలిగినవాళ్లు ఇది అర్థం చేసుకోవాలి. మెమెంటోలు 150, ఒక్కోటి 420 చొప్పున 63,000. వాటి మీదా సెప్టెంబరు 8 అనే చెక్కి ఉంది. మళ్లీ చేయించడానికి మనసొప్పక అవే ఇచ్చాం. షామియానా ఆయన గోడౌన్‌లోకి నీళ్లొచ్చి సగం గుడ్డ పాడైపోయింది. అయినా పాత అడ్వాన్సు, పాత రేటు అలాగే ఉంచాడు. ఆయనకు మనమంతా రుణపడి ఉన్నాం.

రెండో తేదీ డిసెంబరు 28, శనివారం. ఆదివారం పెట్టి ఉంటే ఉద్యోగస్తులకు వీలుగా ఉండేదని చాలామంది విసుక్కున్నారు. 2025 జూబిలీ సంవత్సరాన్ని 29వ తేదీ ఆదివారం అన్ని మేత్రాసనాల (బిషప్ పరిధిలోని ప్రాంతాల) కథెడ్రళ్లలో, అంటే బిషప్‌ల ప్రధాన ఆలయాల్లో ప్రారంభించమని పోప్ ఫ్రాన్సిస్ ఆదేశం. ఆ రోజు బిషప్ గారు కథెడ్రల్ వదిలి రాలేరు. అందుకే శనివారం పెట్టాం.

డిసెంబరు 26 రాత్రి మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ గారు కన్నుమూశారు. ఏడు రోజుల సంతాప దినాలు. అంత్యక్రియలు సరిగ్గా 28నే. 27 ఉదయం కమిటీ కూర్చుంది. సంతాపం నియమాలు ప్రభుత్వ కార్యక్రమాలకే, మనది ప్రైవేటు అని ఇద్దరు గట్టిగా వాదించారు. మూడు నెలలు డాన్సు ప్రాక్టీసు చేసిన పిల్లలు ఏడ్చారు. అయినా ఢిల్లీలో చితి కాలుతుంటే మన స్టేజీ మీద సినిమా పాటలు పాడించడానికి ఎక్కువమందికి మనసు రాలేదు. దివ్యబలిపూజ, సభ, సన్మానాలు, భోజనాలు ఉంచి ఆర్కెస్ట్రా, డాన్సులు ఆపేశాం. ఆర్కెస్ట్రాకు మాట్లాడుకున్నది 1,50,000, అందులో సగం ముందే ఇచ్చాం. వారంలోపు రద్దు చేస్తే అడ్వాన్సు తిరిగి రాదని ఒప్పందంలోనే ఉంది. ఆ 75,000 పోయింది. వాళ్లు మిగతా సగం అడగలేదు, అదే పదివేలు.

సావనీర్ ఇంకా రాలేదు. ప్రెస్‌కి అడ్వాన్సు 90,000 ఇచ్చాం, బాకీ 1,10,000 కట్టాలి. బాకీ కాకుండా, ఈ అడ్వాన్సుతో కలిపి మొత్తం ఖర్చు 18,01,880. చేతిలో ఉన్నది 54,040. అంటే పుస్తకాలు బయటికి రావాలంటే 55,960 తక్కువ.

తక్కువ ఎందుకు పడిందో కూడా చెప్పాలి. ప్రకటనలు ఇస్తామని రాసిచ్చినవి 3,40,000. అందులో 1,25,000 ఇంకా రాలేదు. ప్రకటనలు పేజీల్లో పెట్టేశాం, డిజైన్ చూసి బాగుందని మెసేజ్ పెట్టినవాళ్లే డబ్బు దగ్గరికొచ్చేసరికి ఫోన్ ఎత్తడం లేదు. కొన్ని బ్యాచ్‌లు స్టేజీ మీద ప్రకటించిన 1,62,000 కూడా బాకీ ఉంది. చప్పట్లు కొట్టించుకున్న మాట కదా అది. పేర్లు ఇక్కడ రాయడం మాకిష్టం లేదు. జూన్ 15 లోపు జమ చేస్తే జూలైలో ప్రతి ఒక్కరికీ పుస్తకం పోస్టులో వస్తుంది.

ఓచర్ల ఫైలు కళాశాల ఆఫీసులో ఉంది. ఏ శనివారమైనా పది నుంచి ఒంటిగంట వరకు వచ్చి చూడొచ్చు, నేనూ అక్కడే ఉంటాను. ట్రాక్టర్ కాగితాల్లో మూడు నీళ్లలో తడిసి సిరా చెదిరిపోయింది. పక్కన కొత్త కాగితం మీద తిరగరాసి, పాతదాన్ని కూడా పిన్ చేసి ఉంచాం. ఆ పేజీలు కాస్త నెమ్మదిగా తిప్పండి, చిరుగుతాయి.