గణపతి బొమ్మ తీసి మూగబోయిన ప్రింటర్ గురించి మంత్రిగారికి

గౌరవనీయులైన సాంకేతిక విద్యా శాఖ మంత్రివర్యులకు,

ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పుకునే ఒక లెక్చరర్ నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇదే విషయంపై ఇదివరకు మూడు అర్జీలు పంపాను. మొదటిదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని జవాబొచ్చింది. రెండోదానికి, మొదటి అర్జీ నంబరు తెలపమన్నారు. మూడోదానికి ఏమీ రాలేదు. అందుకే ఈసారి కవరు అంటించకుండా రాస్తున్నాను.

తమ పథకం కింద మా ల్యాబుకు త్రీడీ ప్రింటర్ వచ్చింది. ప్రారంభోత్సవం నాడు కంపెనీ మనిషి దాని మీద అరచేతిలో పట్టే గణపతి బొమ్మ తీసి చూపించాడు. అది ఇప్పటికీ ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంది. లోపలంతా డొల్ల కాబట్టి కాగితాలు ఎగరకుండా ఆపడానికి కూడా పనికిరాదు.

ప్రింటర్‌తో పాటు ఇచ్చిన డిజైన్ ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఏడాదికే ముగిసింది. రెన్యువల్‌కు పథకంలో పద్దు లేదన్నారు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడినట్టుంది వ్యవహారం. మోటారులాంటి దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్‌ను ఎక్కడ బిగిస్తారో, ఎటువైపు ఎంత బరువు పడుతుందో చెప్పి, దిమ్మలో నలభై శాతం పదార్థమే వాడాలని షరతు పెడితే, ఆ సాఫ్ట్‌వేర్ దిమ్మను వేల గళ్ళుగా విడగొట్టి, బరువు మోయని గళ్ళను విడత విడతకూ పలచన చేస్తూ పోతుంది. చివరికి మిగిలేది మర్రి ఊడల అల్లికలాంటి ఆకారం. దాని సందుల్లోకి లోహాన్ని చెక్కే మిల్లింగ్ కట్టర్ దూరదు, లేతు మీద అసలే రాదు. పొర మీద పొర వేసే ప్రింటర్‌కైతే అది సులువైన పని. సాఫ్ట్‌వేర్ లేని ప్రింటర్ బొమ్మల యంత్రం, ప్రింటర్ లేని సాఫ్ట్‌వేర్ రంగుల చిత్రం. తమరు ఎరుగనిది కాదు.

లైసెన్సు లేకపోయినా మా ఫైనలియర్ పిల్లలు చేతులు ముడుచుకు కూర్చోలేదు. డెన్మార్క్ ఆచార్యుడు ఓలే సిగ్మండ్ 2001లో బోధన కోసం ప్రచురించిన, ఇదే లెక్క కట్టే 99 వరుసల ప్రోగ్రామును పట్టుకుని, పురుగుమందు చల్లే డ్రోన్ మోటారుకు బ్రాకెట్ రూపొందించారు. ఆ ప్రోగ్రాము సమతలంలోనే లెక్క కడుతుంది, కనుక వచ్చిన ఆకారానికి మందం తామే తగిలించారు. ప్రింటర్‌లో దాన్ని నిలువుగా పెట్టి తీశారు. బరువు వేలాడదీయగానే రెండు పొరల మధ్య బిస్కెట్‌లా విరిగింది. పొరల మధ్య అతుకు బలహీనమని, ప్రోగ్రాము మాత్రం అన్ని దిక్కులా ఒకే బలం ఉందనుకుని లెక్క కట్టిందని వాళ్ళకు అప్పుడు అర్థమైంది. ఆ పాఠం నేను నల్లబల్ల మీద చెప్పి ఉంటే పరీక్ష మర్నాడే మరిచిపోయేవారు.

పడుకోబెట్టి మళ్ళీ తీద్దామంటే ఫిలమెంట్, అంటే ప్రింటర్ కరిగించి పొరలుగా వేసే ప్లాస్టిక్ తీగ, లేదు. మిగిలిన సగం రీలు వానాకాలమంతా మూత లేని డబ్బాలో ఉండి తేమ పీల్చింది. నాజిల్ దగ్గర చిటపటలాడుతూ ఫీడర్‌లోనే తుంపులు తుంపులవుతోంది. కొత్త రీలుకు ఇండెంట్ పెడితే మూడు కొటేషన్లు తెమ్మన్నారు, తెచ్చాను. తర్వాత, అది పరికరమా, ముడిసరుకా తేల్చమన్నారు. పరికరమైతే స్టాకు రిజిస్టరులో ఎక్కించి ఏటా లెక్క చూపాలట, ముడిసరుకైతే పద్దే లేదట. చూపడానికి రీలు కరిగి బ్రాకెట్ అయిపోయింది మహాప్రభో! ఆ విరిగిన బ్రాకెట్‌నే రిజిస్టరులో రాయమంటారా?

2022 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన సంకలిత తయారీ (అంటే ఈ త్రీడీ ప్రింటింగే) జాతీయ వ్యూహం ఈ రంగంలో లక్షమంది నిపుణులను తయారు చేస్తామంది. ఆ లక్షమందీ ఏ ల్యాబుల్లోంచి వస్తారు? 2024 మే 9న ఇస్రో త్రీడీ ప్రింటింగ్‌తో చేసి పరీక్షించిన పీఎస్4 (పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశ) ఇంజిన్‌లో 14 భాగాలు ఒక్కటైపోయాయి, 19 అతుకులు లేకుండా పోయాయి. 665 సెకన్లు మండి నిలిచింది. పాత ఇంజిన్ డిజైన్‌నే ప్రింటర్‌కు ఇచ్చి ఉంటే అది జరిగేదా? ముద్రణకు తగినట్టు డిజైన్‌ను మళ్ళీ గీసుకున్నారు. అదే నెల 30న అగ్నికుల్ అనే ప్రైవేటు సంస్థ ఒకే ముక్కగా ముద్రించిన ఇంజిన్‌తో రాకెట్ ఎగరేసింది మన తెలుగు నేల మీది శ్రీహరికోట నుంచే. ఆ వార్తను మా పిల్లలు ఫోనులో చూసి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘సార్, మన రీలు ఎప్పుడొస్తుంది?’

తమను నేను పెద్ద కోర్కెలేమీ అడగడం లేదు. లైసెన్సు రెన్యువల్ చేయించండి. రీళ్ళకు ఏడాదికి ఇంత అని ఒక పద్దు తెరిపించండి. సిలబస్‌లో డిజైన్ ఒక సెమిస్టరులో, ప్రింటింగ్ ఇంకో సెమిస్టరులో ఒకదాని మొహం ఒకటి చూడకుండా ఉన్నాయి, వాటిని ఒక్క పేపరులో కలపండి. ఇవేవీ వీలుకాకపోతే రీలు పరికరమో, ముడిసరుకో అదైనా తేల్చండి. రీలు ఇప్పించండి, చాలు.

ప్రాజెక్టు రివ్యూ వచ్చే నెలలో ఉంది. విరిగిన రెండు ముక్కలనూ ఫెవిక్విక్‌తో అతికించి బల్ల మీద పెడదామంటున్నారు పిల్లలు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం ఏమీ లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మెకానికల్ లెక్చరర్