జూన్ 7 లోపు మీ పాత సర్క్యూట్ బోర్డు ఫైళ్ళు తీసుకెళ్ళండి

మా కుషాయిగూడ ఆఫీసులో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల డిజైన్లు గీయించుకున్న పాత, కొత్త కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ కబురు ఎప్పుడో చెప్పాల్సింది. కొంత బద్ధకం, కొంత మీరు ఏమంటారో అన్న జంకు. మీ బోర్డుల్లో ముప్పాతిక మేం గీసింది ఈగల్ అనే సాఫ్ట్‌వేర్‌లో. 2026 జూన్ 7 తర్వాత దాన్ని అమ్మబోమనీ, సపోర్టు కూడా ఉండదనీ ఆటోడెస్క్ కంపెనీ 2023 లోనే చెప్పేసింది. మూడేళ్ళ గడువిచ్చారు. మేం ఆ తేదీని గోడ మీద రాసిపెట్టుకుని రెండున్నరేళ్ళు దాన్ని చూస్తూ టీలు తాగాం.

ముందు కంగారు పడాల్సిన పని లేదని చెప్పేస్తాను. ఇప్పుడు మీ ప్యానెళ్ళలో నడుస్తున్న బోర్డులకేమీ కాదు. మీకు బోర్డులు కొట్టిచ్చే ఫ్యాబ్రికేటర్ దగ్గరున్న గర్బర్ ఫైళ్ళతో, అంటే అచ్చుకి పంపే ఫైళ్ళతో, అదే బోర్డు ఇంకో వెయ్యి కొట్టించుకోవచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. చిక్కల్లా మార్పు చేయాల్సి వచ్చినప్పుడే. మీరు వాడే రిలే మార్కెట్‌లో దొరకలేదు, ఇంకో కంపెనీది పెడదామంటే కాళ్ళ మధ్య దూరం వేరు. లేదా వోల్టేజ్ రెగ్యులేటర్ తయారీ ఆపేశారు. అప్పుడు గర్బర్ పనికి రాదు. అది శుభలేఖ అచ్చైపోయాక చేతికొచ్చిన కార్డు లాంటిది, అందులో ముహూర్తం మార్చలేం. మార్చాలంటే అసలు ఫైలు కావాలి. స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ), లేఅవుట్ (బోర్డు మీద ఏది ఎక్కడుందో చూపే బొమ్మ), లైబ్రరీ (విడిభాగాల కొలతలు), మూడూ.

ఆ అసలు ఫైళ్ళు మా దగ్గరున్నాయి, మీ దగ్గర లేవు. ఈ మాట రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

చాలామంది అడిగారు. "ఫైలు మాకూ ఒక కాపీ ఇవ్వండి సార్" అన్న ప్రతిసారీ "మా దగ్గర భద్రంగా ఉందిలెండి, మీకెందుకు ఆ తలనొప్పి" అని నవ్వేసి పంపించాం. భద్రంగా ఉన్న మాట నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఫైలు మీ చేతిలో ఉంటే మార్పు పని ఇంకొకరి దగ్గర చేయించుకుంటారని. ఈ లైన్‌లో చాలామంది చేసే పనే మేమూ చేశాం. కానీ డబ్బులిచ్చి గీయించుకున్నది మీరు. ఈగల్ సంగతి తేలాక, మా పద్దెనిమిదేళ్ళ పని ఎవరో ఒకరి నిర్ణయం మీద ఆధారపడి ఉందని కడుపు మండినప్పుడు, మా ఆఫీసులో లేఅవుట్ చేసే అమ్మాయే అంది: "మనం కస్టమర్లకి చేస్తున్నదీ ఇదే కదా సార్?" నాకు జవాబు తోచలేదు.

ఈ మార్కెట్‌లో ఏం జరుగుతోందో కొంచెం చెప్పాలి. "మళ్ళీ సాఫ్ట్‌వేర్ మార్చారా, మళ్ళీ రేటు పెంచారా" అని మీరు అడిగే ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఈగల్ 1988 లో జర్మనీలో క్యాడ్‌సాఫ్ట్ అనే చిన్న కంపెనీ తెచ్చింది. చవక, తేలిక, మామూలు కంప్యూటర్ మీద కూడా నడిచేది. 2009 లో దాన్ని విడిభాగాలు అమ్మే ఫార్నెల్ వాళ్ళు కొన్నారు. 2016 లో వాళ్ళ దగ్గర్నుంచి ఆటోడెస్క్ కొంది. 2017 జనవరి నుంచి ఒకసారి కొనుక్కుని వాడుకునే లైసెన్సు తీసేసి నెలకింత, ఏడాదికింత అన్నారు. సొంతింట్లో ఉన్నవాణ్ణి అదే ఇంట్లో అద్దెకి దింపడమంటే ఇదే. ఇప్పుడు తమదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌లోకి రమ్మంటున్నారు. ఫ్యూజన్ చెడ్డదేం కాదు. బోర్డు, దాన్ని పెట్టే డబ్బా రెండూ ఒకేచోట గీసుకోవచ్చు, ఎన్‌క్లోజర్లు సొంతంగా చేసుకునేవాళ్ళకి బాగుంటుంది. మాకు మాత్రం ఆ డబ్బా భాగంతో పని లేదు. దానికీ అద్దె కట్టాలంటే మనసొప్పలేదు.

బోర్డులు గీసే మిగతా సాఫ్ట్‌వేర్ల కథ కూడా ఇంచుమించు ఇదే. మెంటర్ గ్రాఫిక్స్‌ని 2017 లో సీమెన్స్ తీసుకుంది, ప్యాడ్స్ అలా వాళ్ళ చేతికి వెళ్ళింది. ఓర్‌క్యాడ్ 1999 నుంచీ కేడెన్స్‌దే. ఆల్టియం అంటే మా తరానికి ప్రొటెల్ అని చెప్తే వెంటనే తెలుస్తుంది, 1985 లో ఆస్ట్రేలియా టాస్మేనియాలో పుట్టింది. దాని కోసం 2021 లో ఆటోడెస్క్ బేరమాడింది, కుదరలేదు. చివరికి 2024 ఆగస్టులో జపాన్ చిప్ కంపెనీ రెనెసాస్ కొనేసింది, 910 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకి. ఈజీఈడీఏ ఉచితం, కానీ దాని వెనకున్నది చైనాలో బోర్డులు కొట్టే జేఎల్‌సీపీసీబీ గ్రూపు.

దీంట్లో నాకు కనిపించేదేంటంటే, గీసే సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకుని బతికేవాళ్ళు తగ్గిపోతున్నారు. చిప్‌లు అమ్మేవాడు, బోర్డులు కొట్టేవాడు, ఫ్యాక్టరీ మెషీన్లు అమ్మేవాడు, వీళ్ళు తమ అసలు వ్యాపారానికి ఇదొక గుమ్మంలా ఉంటుందని కొంటున్నారు. అన్ని కంపెనీల చిప్‌లకీ మా తలుపులు తెరిచే ఉంటాయనే రెనెసాస్ అంటోంది. నేను కాదనను. కానీ కిరాణా కొట్టువాడే మన ఇంటి సరుకుల చీటీ రాస్తానంటే ఒకసారి చదువుకుని ఇవ్వడం మంచిదనుకునే మనిషిని.

అద్దె సంగతికొస్తే, మంచి సాఫ్ట్‌వేర్ ఒక్క సీటుకి, అంటే ఒక మనిషి వాడుకునే లైసెన్సుకి, ఏడాదికి లక్షల్లో అవుతుంది. ధర డాలర్లలో ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. డాలరు 2025 డిసెంబరులో 90 రూపాయలు దాటింది. వాళ్ళు రేటు పెంచకపోయినా మాకు పెరిగినట్టే. ఏడుగురు పనిచేసే ఆఫీసులో నాలుగు సీట్లు కట్టాలంటే అది మీ బిల్లులోకే వస్తుంది, ఇంకెక్కడికి పోతుంది.

ఇంకో భయం కూడా ఉంది. 2025 మే నెలాఖరున అమెరికా ప్రభుత్వం చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చైనాకి అమ్మకుండా సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్‌లకి ఆంక్షలు పెట్టింది. జులై మొదట్లో ఎత్తేసింది. నెల పైచిలుకే. మనకి సంబంధం లేని గొడవే అది, మన బోర్డుల స్థాయిది కూడా కాదు. అయినా ఎక్కడో ఒక ఉత్తరం రాస్తే ఇంకెక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి పని ఆగిపోగలదని ఆ నెలలో అర్థమైంది. డిఫెన్స్ సబ్‌కాంట్రాక్టులు చేసే కస్టమర్లు ఇద్దరు మాకున్నారు. వాళ్ళ ఫైళ్ళు ఎవరి క్లౌడ్‌లోనూ పెట్టం, పెట్టబోం.

అందుకని ఎక్కువ పని కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తున్నాం. మీలో కొందరు కైక్యాడ్ అంటారు, ఏదైనా ఒకటే. 1992 లో ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షరాస్ అనే ఆయన మొదలుపెట్టాడు. 2013 నుంచి జెనీవాలోని సెర్న్ పరిశోధన సంస్థ ఇంజినీర్లు కూడా చేయి వేశారు. ఉచితం, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరూ కొనేసి మూతేయలేరు. పదేళ్ళ కిందట నేనే దీన్ని కాలేజీ పిల్లల ఆటవస్తువు అని తీసిపారేశాను. 2018 లో 5వ వెర్షన్ వచ్చాక ఈగల్ ప్రాజెక్టులు నేరుగా తెరుస్తోంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 9వ వెర్షన్ మీద మా ఆఫీసు అమ్మాయి నాలుగు లేయర్ల (రాగి పొరల) బోర్డు మొదలుపెట్టి పూర్తి చేసింది, నన్ను ఒక్క సందేహం కూడా అడగలేదు. ఆల్టియం సీటు ఒకటి మాత్రం ఉంచుకుంటున్నాం. డీడీఆర్ అనే వేగమైన మెమరీ చిప్‌లు ఉన్న బోర్డులు, ఆరు లేయర్లు దాటినవి అందులోనే చేస్తాం. మా చేతికి అలవాటైన పనిముట్టు అది, అంతకంటే పెద్ద కారణం లేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పాలి. సగం మందికి ఈపాటికి తెలిసే ఉంటుంది.

కిందటేడు మార్పిడి మొదలుపెట్టిన కొత్తలో భీమవరం కస్టమర్ ఒకరి బోర్డు ఈగల్ నుంచి కీక్యాడ్‌లోకి తెచ్చాం. రొయ్యల చెరువుల ఏరేటర్ ప్యానెల్‌ది. ఒక పక్క 230 వోల్టుల రిలేలు, ఇంకో పక్క 5 వోల్టుల కంట్రోలర్. ఈ రెంటి మధ్యా బోర్డుని సన్నగా చీల్చి ఉంచుతాం, స్లాట్ అంటాం. చెరువు గట్టు మీద ఉప్పు గాలి, చెమ్మ, దుమ్ము కలిసి బోర్డు మీద పొరలా పట్టేస్తాయి. చీలిక లేకపోతే ఆ పొర మీంచి కరెంటు మెల్లగా పాక్కుంటూ ఇవతలికి వస్తుంది. కంట్రోలర్ పోతే పోయింది, స్విచ్ నొక్కే మనిషి సంగతేంటి?

మార్చిన ఫైలు చూశాం. ట్రాకులు (బోర్డు మీది రాగి దారులు) సరిగ్గా ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ చేసే రూల్ చెక్‌లో ఒక్క తప్పు రాలేదు. 120 బోర్డులు కొట్టించి పంపాం. వారానికి ఆయన ఫోన్ చేశారు.

"ఏవండీ, పాత బోర్డు ట్యూబ్‌లైటుకి అడ్డం పెడితే మధ్యలో వెలుగు గీత కనపడేదండీ. దీంట్లో కనపడట్లేదేంటండీ?"

చూస్తే స్లాట్ లేదు. ఎన్నో ఏళ్ళ కిందట మా దగ్గర చేసిన కుర్రాడు ఆ గీతని అసలు కటింగ్ లేయర్‌లో కాకుండా తన గుర్తుకోసం వేరే లేయర్‌లో గీసి, ఫ్యాబ్రికేటర్‌కి ఫోన్‌లో "దాన్ని కూడా కోసేయండి" అని చెప్పేవాడట. పాత ఫ్యాబ్రికేటర్‌కి అది అలవాటైపోయింది. కీక్యాడ్ ఆ గీతని నిజాయితీగా నోట్స్ లేయర్‌లో పెట్టింది. అటు గర్బర్‌లోకి రాలేదు, ఇటు కొత్త ఫ్యాబ్రికేటర్‌కి ఎవరూ చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. చెక్ చేయకుండా పంపింది నేను. 120 బోర్డులూ మా ఖర్చుతో మళ్ళీ కొట్టించాం, ఆయనకి 11 రోజులు ఆలస్యం అయింది. పాతవి వెనక్కి తెప్పించి ముక్కలు చేసేశాం. ఆయన ఇప్పటికీ మా కస్టమరే, అది ఆయన మంచితనం.

అప్పట్నుంచి పాత గర్బర్, కొత్త గర్బర్ ఒకదాని మీద ఒకటి పెట్టి లేయర్ లేయరూ చూస్తున్నాం. దాంతో పాటు పాత బోర్డు ఒకటి తెప్పించుకుని లైటుకి అడ్డం పెడుతున్నాం కూడా. అందుకే మార్పిడికి వచ్చేటప్పుడు నడుస్తున్న బోర్డు ఒకటి తీసుకురమ్మంటున్నాం. విసుక్కోకండి.

రేట్లు. మీ అసలు ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టు మీకివ్వడానికి పైసా తీసుకోం, పాత బాకీ ఉన్నా సరే. మూడేళ్ళలోపు మేం గీసిన బోర్డుల మార్పిడి కూడా ఉచితం. అంతకంటే పాతవి రెండు లేయర్లైతే 1,800, నాలుగైతే 4,500, జీఎస్‌టీ అదనం. మార్చనక్కర్లేని బోర్డులు మార్చవద్దనే చెప్తాం. ఏడాదికి ఒకసారి కూడా ముట్టుకోని స్టెబిలైజర్ బోర్డుకి 1,800 ఎందుకు దండగ? గర్బర్ దగ్గర పెట్టుకోండి చాలు.

తొందర ఎవరికంటే, 2012 కంటే ముందు గీసిన బోర్డులున్నవాళ్ళకి. ఆ రోజుల్లో వచ్చిన 6వ వెర్షన్ నుంచే ఈగల్ ఫైళ్ళు చదవగలిగే రూపంలోకి మారాయి. అంతకుముందువి కీక్యాడ్ తెరవదు. వాటిని ముందు ఏదైనా కొత్త ఈగల్‌లో తెరిచి సేవ్ చేయాలి. మా దగ్గర 7వ వెర్షన్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఉంది, క్యాడ్‌సాఫ్ట్ నాటి సొంత లైసెన్సు, అద్దె లేనిది. జూన్ 7 దాటినా అది పనిచేస్తుంది. కాకపోతే దాని మదర్‌బోర్డు వయసు చూస్తే నాకు నమ్మకం తక్కువ. అందరూ జూన్ 6 సాయంత్రం రాకండి.

ప్రొటెల్ 99 ఎస్‌ఈ ఫైళ్ళున్నవాళ్ళు కూడా రావచ్చు, మా ఆల్టియం సీటు తెరుస్తుంది. అది క్రాక్ కాపీలో గీసిందా కాదా అని అడగం. మేం మొదలుపెట్టినప్పుడు వాడింది కూడా స్నేహితుడి దగ్గర కాపీ చేసుకున్న సీడీయే. లైసెన్సు కొనడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది.

ఏఐ గురించి ఈమధ్య రోజుకొకరు అడుగుతున్నారు. "అదే గీసేస్తుందట కదన్నా, రేటు తగ్గించు" అని. బోర్డులు గీసే ఏఐలు ఫ్లక్స్, క్విల్టర్ లాంటివి వచ్చాయి, కేడెన్స్ కూడా 2023 లో అల్లెగ్రో ఎక్స్ ఏఐ అని తెచ్చింది. మేమూ ఒకటి ప్రయత్నించాం, బోరు మోటారు స్టార్టర్ బోర్డు మీద. చిప్ వివరాలుండే డేటాషీట్ చదివి పిన్నుల పట్టిక రాయడంలో నిజంగా గంటలు మిగిలాయి. ట్రాకుల దగ్గర మాత్రం రిలే నుంచి మోటారుకెళ్ళే దారిని సిగ్నల్ ట్రాక్ అంత సన్నగా లాగింది. ఐదు హార్స్‌పవర్ మోటారు అని మేం ముందే చెప్పి ఉండాల్సింది అంటారు. నిజమే. కానీ అది చెప్పాలని తెలిసినవాడికే కదా మీరు డబ్బులిచ్చేది. పిన్నుల పట్టిక పనికి ఇకనుంచి గంటలు తక్కువ వేస్తాం, అంతవరకు రేటు తగ్గుతుంది.

సోమవారం నుంచి శనివారం దాకా, పదింటి నుంచి ఆరింటి వరకు ఉంటాం. పెన్‌డ్రైవ్ మీరే తెచ్చుకోండి. మీ దగ్గరున్నది సీడీ అయితే బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి. సీడీ డ్రైవ్ ఉన్నది ఆ పాత కంప్యూటర్‌కొక్కదానికే, అది ఆన్ అవడానికి పావుగంట పడుతుంది.