మీటరు లైటు లెక్కపెట్టేవాళ్లం కొవ్వాడ గురించి మాట్లాడకూడదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే చాలు, పేపర్లలో కరెంటు పొదుపు చిట్కాలు మొదలవుతాయి. గదిలో ఎవరూ లేకపోతే ఫ్యాను ఆపండి, ఏసీ 24లో పెట్టండి, ఫ్రిజ్ తలుపు ఊరికే తీయకండి అని. పేరు రాయరు గానీ అవన్నీ ఇంట్లో ఆడవాళ్లకి చెప్పే మాటలే. సరే, చేస్తున్నాం. ఆ కరెంటు ఎక్కడ తయారవ్వాలి, దేంతో తయారవ్వాలి అన్న దగ్గర మాత్రం మమ్మల్ని పిలిచేవాళ్లు ఉండరు. మా పక్క శ్రీకాకుళం జిల్లాలో కొవ్వాడ దగ్గర అణు విద్యుత్ కేంద్రం పెడతామంటున్నారు, అక్కడా అంతే. నా గొడవ అదీ.

మాది విజయనగరం. మొన్న వేసవిలో బిల్లు చూసి ఒళ్లు మండి, రాత్రి అందరూ పడుకున్నాక వరండాలో మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంది కదా, మా దాని మీద 3200 అని రాసుంది, అంటే అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు (వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్). ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి ఒక్క పాత ఫ్యాను వేస్తే నిమిషానికి నాలుగుసార్లు వెలిగింది, 75 వాట్లన్నమాట. అదీ ఆపేశాక ఇంక ఆగిపోతుందనుకుంటే, నిమిషం పైచిలుకు గడిచి మళ్లీ ఒక మెరుపు! టీవీ వెనకాల సెట్‌టాప్ బాక్సు. ఇంతలో మా అత్తగారు లేచి వచ్చి "ఏటమ్మా, ఈ యేళప్పుడు మీటరుకి కాపలా కాస్తన్నావు?" అన్నారు.

తర్వాత మూడు ఫ్యాన్లు మార్చాం, ఆ రిమోట్‌తో తిరిగే బీఎల్‌డీసీ రకం, 30 వాట్లవి. రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకి 20 యూనిట్లు మిగులుతాయి, మూడింటికీ 60. (ఒక రిమోట్‌ని మావాడు రెండో వారమే బకెట్‌లో పడేశాడు, అది వేరే కథ.) పెట్టిన డబ్బు రావడానికి టైమ్ పడుతుంది గానీ తేడా మాత్రం కనిపిస్తోంది.

ఇప్పుడు అసలు లెక్క. కొవ్వాడలో పెడతామంటున్న అణు రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1208 మెగావాట్లు. అంటే ఒక్క రియాక్టరు పూర్తిగా నడిస్తే గంటకి 12 లక్షల యూనిట్ల పైమాటే. నాలాగా నెలకి 60 యూనిట్లు మిగిల్చే ఇళ్లు ఇరవై వేలు ఉంటే, ఆ నెలంతా కలిపి మిగిలేది ఆ ఒక్క గంట కరెంటు. అలాగని పొదుపు మానేద్దామనడం లేదు. పొదుపుతోనే అంతా అయిపోతుందని మాకు చెప్పడం మానేయమంటున్నాను.

నేను అణువిద్యుత్తు కావాలనేదాన్ని, దాచుకోను. సోలార్ మంచిదే, కానీ సాయంత్రం అందరిళ్లలో లైట్లూ ఫ్యాన్లూ ఒక్కసారి మొదలయ్యే వేళకి ఎండ ఉండదు. బొగ్గు సంగతి మన జిల్లాలకి ఒకరు చెప్పక్కర్లేదు, థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో మనుషులే పోయారు. ఒక యూనిట్ కరెంటుకి బొగ్గయితే సుమారు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని, అణువిద్యుత్తుకి గని తవ్వకం నుంచి మొత్తం కలిపినా సుమారు 12 గ్రాములేనని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన ఐపీసీసీ సంఘం 2014 నివేదికలో ఉంది.

అమెరికాలో కాలిఫోర్నియాలో హెదర్ హాఫ్, క్రిస్టిన్ జైట్జ్ అని ఇద్దరు తల్లులు 2016లో మదర్స్ ఫర్ న్యూక్లియర్ అని ఒక సంఘం పెట్టారు. ఇద్దరూ డయాబ్లో కాన్యన్ అణు కేంద్రంలో పనిచేసేవాళ్లే. హాఫ్ అయితే మొదట్లో భయపడుతూనే చేరిందట, లోపలివాళ్లని ప్రశ్నలు అడిగీ అడిగీ మనసు మార్చుకుంది. అక్కడ జీతం తీసుకునేవాళ్లు అలాగే అంటారు అని మీరనొచ్చు, నేనూ అనుకున్నాను. కానీ 2025కల్లా మూసేద్దామనుకున్న ఆ కేంద్రాన్ని 2030 దాకా నడపడానికి 2022లో చట్టం చేశారు, అది ఆ ఇద్దరి వల్లే కాదు గానీ, వాళ్లు నోరు విప్పి మాట్లాడారు కదా.

మన దగ్గర మాట్లాడేవాళ్లు లేక కాదు. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడది రణస్థలం వైపు, కొవ్వాడ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. తట్ట దించి వంజరం ముక్కలు కోస్తూ అంది: "ఊరు ఒగ్గీమంతన్నారమ్మా. మరి ఏటకెల్లడానికి సముద్రం దగ్గరికి ఎంత దూరం నడవాలో ఎవులూ సెప్పరు." ఎకరానికి ఎంతో చెప్పినవాళ్లు ఆవిడకి ఇది చెప్పలేదు. పట్టా భర్త పేరున ఉంటుంది, చేపలమ్మి ఇల్లు నడిపేది ఆవిడ. అణువిద్యుత్తు కావాలనే నాలాంటివాళ్లే ముందు ఆవిడ తరఫున అడగాలి, లేకపోతే మా మాటకి విలువేముంది?

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రంలో సునామీ నీళ్లకి డీజిల్ జనరేటర్లు ఆగిపోయి, చల్లబరిచే దారి లేక రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. కొవ్వాడకి అనుకుంటున్న ఏపీ1000 అనే అమెరికా రకం రియాక్టరు బయటి కరెంటు లేకపోయినా, మనిషి చెయ్యి పడకపోయినా 72 గంటలు తనంతట తానే చల్లబడేలా కట్టినదంటారు. మంచిదే. కానీ హుద్‌హుద్ తుఫానుకీ తిత్లీ తుఫానుకీ మనం కరెంటు లేకుండా రోజుల తరబడి కూర్చున్నవాళ్లం, కాబట్టి నాలుగో రోజు సంగతేంటో తెలుగులో చెప్పండి. ఇంకోటి, రేటు. ఇదే రకం రెండు రియాక్టర్లు అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కడితే అనుకున్నదానికి ఏడేళ్లు ఆలస్యమై, ఖర్చు రెట్టింపు దాటిపోయింది. మన దగ్గర యూనిట్ ఎంత పడుతుంది? మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాళ్లకి అది తెలియాలి.

అధికారులకి ఒక మాట. సభ పెడితే పొద్దున్న పదింటికి పెట్టకండి, ఆ టైమ్‌కి చేపలమ్మేవాళ్లు బజార్లో, మాలాంటివాళ్లు వంటింట్లో ఉంటాం. మధ్యాహ్నం మూడింటికి రణస్థలంలో పెట్టండి, ముందు వరసలో కుర్చీలు ఆడవాళ్లకి ఉంచండి. నేనొస్తాను. మా అత్తగారు కూడా వస్తానన్నారు.

ఇట్లు,
ఒక గృహిణి,
విజయనగరం