ఒంటరితనం అనే పేరున్న ఆవిడ గురించి

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఏమే, ఎలా ఉన్నావు?

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నువ్వు పంపిన ఉసిరికాయ పచ్చడి సగం అయిపోయింది. మా ఆయన రోజూ రెండు పూటలా అదే వేసుకుంటున్నాడు, దాచి పెట్టాల్సి వస్తోంది.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైనా అందులోని రెండు సంగతులు నన్ను వదల్లేదు. శనివారం సాయంత్రాలు బళ్ళో ఆడపిల్లలకి చెప్పే కథలకి కొత్త మనిషి కావాలన్నావు. రాణులూ, వీరనారులూ అయిపోయారు, ఇంకెవరి గురించి చెప్పను అని అడిగావు. అదే ఉత్తరంలో కింద ఇంకోటి రాశావు. పదో తరగతి పిల్ల ఒకతి లేచి, "ఎలాగూ పెళ్ళి చేసేస్తారు కదా టీచర్, ఇదంతా చదివి ఏం చేసుకోవాలి?" అంటే నీకు నోట మాట రాలేదట. రెండిటికీ ఒకే మనిషి పేరు చెప్తాను, కొలంబియా రచయిత్రి సొలెదాద్ అకోస్తా. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

నేను ఆరేళ్ళుగా ఆఫీసులో స్పానిష్‌లోనే పని చేస్తున్నానని తెలుసు కదా. కొలంబియా రాజధాని బొగోటాలో ఉన్న మా టీమ్‌లో ఒకావిడ ఉంది, నాకంటే పదేళ్ళు పెద్ద. పోయిన డిసెంబర్‌లో వాళ్ళింటి వీడియో పంపింది. కొలంబియాలో డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు ఇంటిల్లిపాదీ బాలయేసు బొమ్మ ముందు చేరి ప్రార్థన చదువుతారు, నొవేనా అంటారు. పిల్లల చేతుల్లో గిలక్కాయలు, పళ్ళెంలో నూనెలో వేయించిన చీజ్ ఉండలు. ఒకరు చరణం అందుకుంటే మిగతా వాళ్ళంతా కలిసి పల్లవి పాడుతున్నారు, అచ్చం మన భజన లాగే. ఆ చరణాలు ఎవరు రాశారని అడిగాను. ప్రార్థన పాతదట, 18వ శతాబ్దంలో ఒక సన్యాసి రాసింది. ఇప్పుడు పాడే చరణాలు మాత్రం మదర్ మరీయా ఇగ్నాసియా అనే కన్యాస్త్రీవట. మఠంలో చేరకముందు ఆమె పేరు బెర్తీల్దా సంపేర్. "వాళ్ళమ్మ గురించి తెలుసుకో, నీకు నచ్చుతుంది" అంది.

బెర్తీల్దా. ఆ పేరుని కాగితం మీద స్పానిష్‌లో రాసుకుని చూశాను. ఎనిమిది అక్షరాలు. వాటినే తిరగేసి పేరిస్తే లిబెర్తాద్ అని వస్తుంది, అంటే స్వేచ్ఛ! 1856లో పుట్టిన ఆడపిల్లకి పెట్టిన పేరు అది. ఆ పిల్లని కన్నతల్లి పేరు సొలెదాద్. ఆ మాటకి అర్థం ఒంటరితనం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మర్నాటి నుంచే వెతికి వెతికి చదవడం మొదలుపెట్టాను.

సొలెదాద్ అకోస్తా 1833 మే 5న బొగోటాలో పుట్టింది. నాన్న హోఆకిన్ అకోస్తా సైన్యంలో జనరల్, పైగా భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, దేశచరిత్ర రాసినవాడు. అమ్మ కరొలీనా కెంబుల్ కెనడా వైపు నోవా స్కోషియా నుంచి వచ్చింది. వీళ్ళకి ఒక్కతే కూతురు. పన్నెండేళ్ళప్పుడు హాలిఫాక్స్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచారు, ఆ తర్వాత పారిస్‌లో చదివించారు. 1850లో ఇంటికి తిరిగొచ్చేసరికి మూడు భాషలు వచ్చు. రెండేళ్ళు తిరక్కుండానే నాన్న పోయాడు.

ఆ మరుసటి ఏడు నాన్న సొంతూరు గ్వాడువాస్‌లో తిరునాళ్ళకి వెళ్ళినప్పుడు హొసే మరీయా సంపేర్ కనిపించాడు. కుర్ర రాజకీయవాది, పత్రికల్లో రాసేవాడు, అప్పటికే భార్య పోయింది. ఈ పిల్ల మనసు పారేసుకుంది. అది ఎవరితో చెప్పుకుంటుంది? 1853 సెప్టెంబర్‌లో డైరీ మొదలుపెట్టింది. నేను మొదట చదివింది ఆ డైరీయే. ప్రేమ, బెంగ, తన మీద తనకి అనుమానం, అన్నీ ఉన్నాయి అందులో. ఇంతలో 1854 ఏప్రిల్ 17న మేలో అనే జనరల్ బొగోటాలో తిరుగుబాటు చేసి అధికారం లాక్కున్నాడు. సంపేర్ ఊరు దాటి ఎదుటి పక్షం సైన్యంలో కలిశాడు. ఆమె ఊళ్ళోనే ఉండిపోయింది. డిసెంబర్‌లో నగరం మళ్ళీ చేతులు మారేదాకా వార్తలు లేవు, వచ్చినవి నిజమో కాదో తెలీదు. మగవాళ్ళు రాసిన యుద్ధ చరిత్రల్లో ఏ తేదీన ఏ దళం ఎటు కదిలిందో ఉంటుంది. తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్న ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లకి అవే నెలలు ఎలా గడిచాయో ఈ డైరీలో ఉంది.

1855 మే 4న, రేపు పెళ్ళనగా, డైరీ ఆపేసింది. మర్నాడు తన ఇరవై రెండో పుట్టినరోజునాడే పెళ్ళయింది. ఆ డైరీ అచ్చులోకి వచ్చింది 2003లో. దాదాపు నూట యాభై ఏళ్ళు ఎవరూ అచ్చు వేయలేదే!

1858లో భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో యూరప్ వెళ్ళారు. అక్కడి నుంచి బొగోటా పత్రికలకి, తర్వాత పెరూలోని లిమా పత్రికకి రాసేది. కొత్త పుస్తకాలు, నాటకాలు, ఫ్యాషన్లు, ప్రయాణాలు. సంతకం మాత్రం ఒకసారి ఆందీనా, ఒకసారి రెనాతో, ఇంకోసారి ఆల్దెబరాన్. ఒక్కోసారి బెర్తీల్దా అని కూతురి పేరే పెట్టేది. పరువుగల ఇంటి ఆడది పేరు అచ్చులో కనపడటం బాగుండదని అనుకునే రోజులు మరి.

1867లో 'దొలోరెస్' అనే నవల పత్రికలో సీరియల్‌గా రాసింది. ఇది నీకు తప్పకుండా చెప్పాలి. కథ పండగ సందడిలో మొదలవుతుంది. దొలోరెస్ అనే అమ్మాయిని చూసి ఒక కుర్రాడు ఎంత తెలుపు, ఎంత మంచి రంగు అని ముచ్చటపడతాడు. పక్కనే ఉన్న ఆమె దగ్గరి బంధువు ఒకాయన మొహం వాడిపోతుంది. ఆయన వైద్యుడు. అందరూ అందం అనుకుంటున్న ఆ తెలుపూ ఎరుపూ కుష్ఠు మొదటి ఛాయలని ఆయనకి భయం. అందాన్ని పొగిడే మాటతోనే జబ్బుని బయటపెట్టింది చూడు, అక్కడే నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకుండిపోయాను. తర్వాత ఆ అమ్మాయి పెళ్ళి మానుకుని, అందరికీ దూరంగా అడవి అంచున ఇల్లు కట్టించుకుని, పుస్తకాలతో బతుకుతుంది. కథ చెప్పేది ఆమె బంధువుల అబ్బాయే. కానీ పోను పోనూ అతని మాటలు తగ్గిపోతాయి, ఆమె ఉత్తరాలూ, డైరీ పేజీలూ వచ్చి ఆ చోటు నింపుతాయి. చివరికి వినపడేది ఆమె గొంతే. పిల్లలకి ఈ కథ మెల్లగా చెప్పు, అంతా ఒక్క రోజులో చెప్పేయకు.

రెండేళ్ళకి, 1869లో, దొలోరెస్‌తో పాటు ఆమె రాసిన మరికొన్ని కథలు ఒక పుస్తకంగా బెల్జియంలో అచ్చయ్యాయి. ముందుమాట భర్త రాశాడు. దేశానికి సేవ చేసిన జనరల్‌కి ఒక్కతే కూతురు, ఆడది కావడం వల్ల ఆ దారిలో సేవ చేయలేదు కాబట్టి కలంతో చేయాలనుకుంది, అని సర్దిచెప్పినట్టు రాశాడు. ఆయన మంచివాడే, ఆమె రాతని ప్రోత్సహించినవాడే. అయినా ఆమె ఎందుకు రాసిందో ఇంకొకరు సంజాయిషీ ఇవ్వాల్సి రావడం నాకు కష్టం అనిపించింది.

ఇక కష్టాలు. 1872లో అంటువ్యాధి వచ్చి నలుగురు కూతుళ్ళలో ఇద్దరు పోయారు, కరొలీనా, మరీయా హొసేఫా. దీని గురించి నేనేం రాయను, నువ్వూ తల్లివే. 1876లో అంతర్యుద్ధం వచ్చింది, సంపేర్‌ని జైల్లో పెట్టారు, ప్రెస్సు స్వాధీనం చేసుకున్నారు. ఆమె అధ్యక్షుడు అకిలేయో పార్రాకి నేరుగా ఉత్తరం రాసి నిలదీసింది. ఇల్లు గడవాలి కాబట్టి వ్యాపారంలోకి దిగింది. జనరల్ గారి కూతురు, పారిస్‌లో చదువుకున్న మనిషి, సరుకులూ లెక్కలూ చూసుకుంటూ కుటుంబాన్ని నిలబెట్టింది.

ఆ తర్వాత రెండేళ్ళకే 1878 సెప్టెంబర్ 1న 'లా ముహేర్' పత్రిక పెట్టింది. లా ముహేర్ అంటే స్త్రీ. పక్షపత్రిక. పెట్టింది ఆడమనిషి, నడిపింది ఆడమనిషి, రాసేవాళ్ళంతా ఆడవాళ్ళే. కొలంబియాలో అలాంటిది అదే మొదటిది. 1881 మే దాకా నడిచింది. కథలు, చరిత్ర, నాగరికతలో స్త్రీల పాత్ర గురించి వరస వ్యాసాలు అన్నీ అందులో వచ్చాయి. అక్కడి ఆడపిల్లలు విశ్వవిద్యాలయం మెట్లెక్కింది 1930లలో, అంటే ఇంకో యాభై ఏళ్ళకి. అప్పటిదాకా ఇంటికొచ్చే ఆ పత్రికే వాళ్ళకి క్లాసురూమ్ అని నాకనిపిస్తుంది. అది ఆగిపోయాక ఇంకో నాలుగు పెట్టింది, మొత్తం ఐదు. ఆఖరిది పెట్టేనాటికి డెబ్భై దాటాయి. బడిపిల్లల కోసం దేశచరిత్ర ప్రశ్నా జవాబుల రూపంలో రాసింది కూడా ఆ వయసులోనే.

1888లో భర్త పోయాడు. 1892లో, కొలంబస్ ప్రయాణానికి నాలుగు వందల ఏళ్ళని స్పెయిన్‌లో సభలు జరిగితే, కొలంబియా ప్రతినిధిగా వెళ్ళింది. ఆ ఏడాదే మాడ్రిడ్‌లో జరిగిన విద్యా మహాసభకి ఒక వ్యాసం సమర్పించింది. ఆడవాళ్ళు అన్ని వృత్తులూ చేయగలరు అన్నదే దాని విషయం. అన్నీ. వైద్యం, సైన్సు, కళలు కూడా.

ఇప్పుడు నీ పదో తరగతి పిల్ల దగ్గరికి వస్తున్నా. 1895లో పారిస్‌లో ఆవిడ పుస్తకం ఒకటి వచ్చింది, 'ఆధునిక సమాజంలో స్త్రీ' అని. ఎన్నో దేశాల ఆడవాళ్ళ జీవితాలు. డాక్టర్లు, రచయిత్రులు, జైళ్ళ సంస్కరణకి పాటుపడినవాళ్ళు, సొంత పనితో బతికినవాళ్ళు. ఎందుకు రాశానో మొదట్లోనే చెప్పింది. ఆడదానికి పెళ్ళి ఒక్కటే పని అనుకోని, పెళ్ళి లేకపోతే గతి లేదు అన్న స్థితిని నిజాయితీగా దాటి నిలబడినవాళ్ళని అమ్మాయిలకి చూపించాలని. పెళ్ళే గతి అన్న ఆలోచన తప్పు, హానికరం, పాతకాలపు చదువంతా దాని మీదే కట్టారు అంది. 1895లో! పెళ్ళిని తిట్టలేదు, తనది ప్రేమించి చేసుకున్న పెళ్ళి. కానీ భర్త జైల్లో ఉన్న రోజున ఇంట్లోవాళ్ళకి అన్నం పెట్టింది తన పనే అని ఆవిడకి తెలుసు. ఆ పిల్లకి ఇదే చెప్పు. "పెళ్ళి చేసినా చదువు నీ దగ్గరే ఉంటుందమ్మా, ఒకావిడకి అది ఎలా పనికొచ్చిందో విను" అని మొదలుపెట్టు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆవిడ గట్టి క్యాథలిక్. ఆడవాళ్ళకి ఓటు కావాలని అడగలేదు, రాజకీయాల్లోకి వెళ్ళమనలేదు. సమాజాన్ని నీతిగా ఉంచడం రచయిత్రి బాధ్యత అనుకుంది. అక్కడ నేను ఆవిడతో ఏకీభవించను. పిల్లలు అడిగితే అదీ చెప్పు, వాళ్ళు ఆవిడతో వాదించుకోవాలి కూడా.

1913 మార్చి 17న బొగోటాలో పోయింది, ఎనభై నిండటానికి ఇంకా రెండు నెలలు కూడా లేవు. చాలాకాలం ఆవిడ రాసినవి దొరికేవి కావట. 2013లో, పోయి వందేళ్ళయిన సందర్భంగా, కొలంబియా సాంస్కృతిక శాఖ ఆ ఏడాదిని ఆవిడ పేరున జరిపింది. నాలాంటిది ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో ఆ పాత పేజీలు చదవగలుగుతోందంటే వాటిని వెతికి నెట్‌లో పెట్టినవాళ్ళ దయే.

డైరీలోంచి నాలుగైదు పేజీలు తెలుగులోకి రాస్తున్నాను, నీ పిల్లలకి అర్థమయ్యేలా. వచ్చే వారం పంపుతాను. బోర్డు మీద ముందు బెర్తీల్దా అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయి, ఎనిమిదే కదా, అక్షరాలు అటూ ఇటూ మార్చి ఏం పదం వస్తుందో వాళ్ళనే కనిపెట్టమను. ఎవరు ముందు కనిపెట్టారో నాకు రాయి. ఆ పదో తరగతి పిల్ల ఏమందో కూడా.

అమ్మకి నా నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

నీ
నేస్తం